లైనక్స్ కర్నెల్‌లో ఆర్‌పీసీ ఆప్షన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నెల్‌ను సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్లు ఆర్‌పీసీ దగ్గరికి వచ్చేసరికి ఒకే రకం సందేహాలతో ఆగిపోతుంటారు. అవే ప్రశ్నలకు విడివిడిగా జవాబులు రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాం. దేనికది చదువుకోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు. ఆప్షన్ పేర్లకు ముందుండే "కాన్ఫిగ్_" అన్న భాగాన్ని వదిలేసి రాశాం.

## మొదలుపెట్టే ముందు

ఆర్‌పీసీ అంటే ప్రోగ్రాములు చూసుకునే పని కదా, కర్నెల్‌లో ఎందుకు ఉండాలి?

వేరే మెషిన్‌లో ఉన్న ఫంక్షన్‌ను మన మెషిన్‌లోనే ఉన్నట్టు పిలవడమే రిమోట్ ప్రొసీజర్ కాల్. చాలా సందర్భాల్లో దాన్ని ప్రోగ్రాములే చూసుకుంటాయి. ఫైల్‌సిస్టమ్ సంగతి వేరు, అది కర్నెల్ లోపల బతుకుతుంది. ఎన్ఎఫ్ఎస్ (వేరే మెషిన్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ మీద వాడుకునే ఫైల్‌సిస్టమ్) మౌంట్ మీద మీరు ఒక ఫైల్ తెరిచారనుకోండి. ఆ ఓపెన్, ఆ తర్వాతి రీడ్ కాల్స్‌ను సర్వర్‌కు మోసుకెళ్లి జవాబు తెచ్చేది కర్నెలే. అందుకోసం సన్ మైక్రోసిస్టమ్స్ 1980లలో తయారుచేసిన ఆర్‌పీసీ పద్ధతినే లైనక్స్ కర్నెల్‌లో సన్‌ఆర్‌పీసీ పేరుతో రాశారు. ఈ ప్రొటోకాల్‌కు ఇప్పుడు ప్రమాణ పత్రం 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5531.

నేను జీఆర్‌పీసీ సర్వీసులు నడుపుతున్నాను. ఏ ఆప్షన్ పెట్టాలి?

ఏదీ అక్కర్లేదు. జీఆర్‌పీసీ మొత్తం యూజర్ స్పేస్‌లో (కర్నెల్ బయట, మామూలు ప్రోగ్రాములు నడిచే చోట), హెచ్‌టీటీపీ 2 మీద నడుస్తుంది. కర్నెల్ నుంచి దానికి కావాల్సింది మామూలు టీసీపీ మాత్రమే. కర్నెల్‌లోని సన్‌ఆర్‌పీసీకీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.

పాత ప్రోగ్రాం కంపైల్ చేస్తుంటే ఆర్‌పీసీ హెడర్ ఫైల్ దొరకలేదంటోంది. కర్నెల్‌లో ఆప్షన్ పెట్టనందుకేనా?

కాదు. ఆ హెడర్లు ఇంతకుముందు జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీతో పాటు వచ్చేవి. 2020లో వచ్చిన జీలిబ్‌సీ 2.32లో వాటిని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు వాటి స్థానంలో లిబ్‌టీఐఆర్‌పీసీ ఉంది. దాని డెవలప్‌మెంట్ ప్యాకేజీ పెట్టుకుని, హెడర్ల దారి `/యూఎస్ఆర్/ఇంక్లూడ్/టీఐఆర్‌పీసీ` అని చూపించి, ఆ లైబ్రరీతో లింక్ చేయండి. ఆర్‌పీసీజెన్ కూడా లేదంటే అది వేరే ప్యాకేజీలోకి వెళ్లింది. కర్నెల్‌ను ఎన్నిసార్లు తిరగ కంపైల్ చేసినా ఈ ఎర్రర్ పోదు.

డిస్ట్రోతో వచ్చిన కర్నెలే వాడుతున్నా. నేనేమైనా మార్చాలా?

దాదాపు ఎప్పుడూ అవసరం ఉండదు. పేరున్న డిస్ట్రోలన్నీ ఎన్ఎఫ్ఎస్ క్లయింట్, సర్వర్, కెర్బరోస్ (వాడుకరి ఎవరో టికెట్లతో తేల్చే భద్రతా పద్ధతి) అన్నిటినీ మాడ్యూళ్లుగా (కావాల్సినప్పుడు లోడయ్యే కర్నెల్ ముక్కలుగా) ఇస్తాయి. ముందు ఉన్నదేమిటో చూసుకోండి: `/బూట్` డైరెక్టరీలో మీ కర్నెల్ వెర్షన్ పేరుతో ఒక కాన్ఫిగ్ ఫైల్ ఉంటుంది, అందులో సన్‌ఆర్‌పీసీ, ఎన్ఎఫ్ఎస్ అని గ్రెప్‌తో వెతికితే చాలు. ఆ ఫైల్ లేకపోతే `/ప్రాక్/కాన్ఫిగ్.జీజెడ్` చూడండి, కాకపోతే అది కనిపించాలంటే కర్నెల్‌ను ఐకేకాన్ఫిగ్_ప్రాక్ ఆప్షన్‌తో కట్టి ఉండాలి. మౌంట్ కాకపోవడానికి కారణం నూటికి తొంభై సార్లు కర్నెల్‌లో ఉండదు, ప్యాకేజీల్లోనో ఫైర్‌వాల్‌లోనో ఉంటుంది. కంపైల్ మొదలుపెట్టే ముందు అటు ఓ చూపు వేయండి.

## ఆప్షన్లు ఎంచుకునేటప్పుడు

మెనూకాన్ఫిగ్‌లో (కర్నెల్ ఆప్షన్లు ఎంచుకునే తెరలో) సన్‌ఆర్‌పీసీ అని వెతికితే దొరుకుతోంది, కానీ ఎంచుకోవడానికి చోటే లేదు. ఏమిటి సంగతి?

అది మీరు ఎంచుకునే ఆప్షన్ కాదు. దాని కీకాన్ఫిగ్ (కర్నెల్ ఆప్షన్లను నిర్వచించే వ్యవస్థ) నిర్వచనంలో మెనూలో చూపించే పేరే లేదు. ఆర్‌పీసీ ఒంటరిగా ఉండి కర్నెల్‌లో చేసే పనేమీ లేదు కాబట్టి, దాన్ని వాడుకునే ఆప్షన్ ఏదైనా ఎంచుకున్నప్పుడు అదే దీన్ని లాక్కొస్తుంది. ఫైల్ సిస్టమ్స్, నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్స్ మెనూలోకి వెళ్లి ఎన్ఎఫ్ఎస్ క్లయింట్‌ను గానీ సర్వర్‌ను గానీ ఎంచుకోండి, సన్‌ఆర్‌పీసీ దానంతట అదే ఆన్ అవుతుంది. మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ నొక్కి సన్‌ఆర్‌పీసీ అని కొడితే వచ్చే తెరలో "సెలెక్టెడ్ బై" అన్న వరస ఉంటుంది. దీన్ని ఎవరెవరు లాక్కొస్తారో ఆ ఒక్క వరసలో తెలిసిపోతుంది. ఆర్‌పీసీ గురించి ఏ ఆప్షన్ కనిపించకపోయినా ముందు ఆ వరస చదవడం అలవాటు చేసుకోండి.

డాట్ కాన్ఫిగ్ ఫైల్‌లో సన్‌ఆర్‌పీసీ=వై అని చేత్తో రాశాను. మేక్ చేయగానే మాయమైంది. ఎందుకు?

మేక్ నడిచిన ప్రతిసారీ కీకాన్ఫిగ్ ఆ ఫైల్‌ను మొదటినుంచి లెక్కేస్తుంది. మెనూలో పేరు లేని ఆప్షన్‌కు మీరు రాసిన విలువను అది పట్టించుకోదు, ఎవరైనా దాన్ని సెలెక్ట్ చేశారా అని మాత్రమే చూస్తుంది. ఎవరూ చేయకపోతే తీసేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. చేత్తో రాయాలనుకుంటే ఎన్ఎఫ్ఎస్_ఎఫ్ఎస్‌నో ఎన్ఎఫ్ఎస్‌డీనో రాయండి. ఆ తర్వాత `మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్` నడిపి, ఫైల్‌ను మళ్లీ గ్రెప్ చేసి రాసింది నిలబడిందో లేదో చూసుకోండి.

నా మెషిన్ క్లయింట్ మాత్రమే. కనీసం ఏవేవి కావాలి?

నెట్‌వర్క్_ఫైల్‌సిస్టమ్స్, ఎన్ఎఫ్ఎస్_ఎఫ్ఎస్, వాటి కింద మీ సర్వర్ ఇచ్చే వెర్షన్. ఈ రోజుల్లో అది దాదాపు ఎప్పుడూ ఎన్ఎఫ్ఎస్_వీ4, దాని కింది వీ4_1, వీ4_2. పాత స్టోరేజ్ పెట్టెలు ఉంటే ఎన్ఎఫ్ఎస్_వీ3 కూడా ఉంచుకోండి. వెర్షన్ 2ను వదిలేయండి, అందులో ఫైల్ సైజు 2 జీబీ దాటదు. లాక్‌డీ (ఫైల్ లాకులు చూసేది), గ్రేస్ పీరియడ్ లాంటి మిగతావాటిని ఇవే తెచ్చుకుంటాయి.

సర్వర్ కోసమైతే?

ఎన్ఎఫ్ఎస్‌డీ, దాని కింద ఎన్ఎఫ్ఎస్‌డీ_వీ4. ప్రాక్ ఫైల్‌సిస్టమ్ ఎలాగూ ఉంటుంది. సర్వర్ తనకు తాను మౌంట్ చేసుకోకపోతే క్లయింట్ ఆప్షన్లు అక్కర్లేదు.

వై పెట్టాలా, ఎం పెట్టాలా?

వై అంటే కర్నెల్‌లోనే కలపడం, ఎం అంటే మాడ్యూల్‌గా కట్టడం. మామూలు మెషిన్‌కు ఎం. రూట్ ఫైల్‌సిస్టమే ఎన్ఎఫ్ఎస్ మీద ఉండి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో మెమరీలో లేచే తాత్కాలిక రూట్) వాడకపోతే మాత్రం వై తప్పదు. రెండూ కలిపితే ఏమవుతుందో గుర్తుపెట్టుకోండి: క్లయింట్‌కు ఎం, సర్వర్‌కు వై పెడితే సన్‌ఆర్‌పీసీ వై అవుతుంది. సెలెక్ట్ చేసినవాటిలో పెద్ద విలువే చెల్లుతుంది. దీనివల్ల ఒక చిక్కుంది. సన్‌ఆర్‌పీసీ మాడ్యూల్ కాకుండా కర్నెల్‌లోనే కలిసిపోతే మోడ్‌ప్రోబ్.డీ (మాడ్యూల్ సెట్టింగులుండే డైరెక్టరీ)లో మీరు రాసిన సెట్టింగులు దానికి వర్తించవు. వాటిని బూట్ కమాండ్ లైన్‌లో ఇవ్వాలి.

లోకల్‌మోడ్‌కాన్ఫిగ్ వాడాక ఎన్ఎఫ్ఎస్ మొత్తం పోయింది!

లోకల్‌మోడ్‌కాన్ఫిగ్ ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి మిగతావి కోసేస్తుంది. మీరు దాన్ని నడిపేటప్పుడు ఏ ఎన్ఎఫ్ఎస్ మౌంటూ లేకపోతే, ఎన్ఎఫ్ఎస్ మాడ్యూల్ లోడ్ కాలేదు, కాబట్టి దాని లెక్కలో అది మీకు అవసరం లేదు. ఎన్ఎఫ్ఎస్ పోతే సన్‌ఆర్‌పీసీని లాక్కొచ్చేవాళ్లే లేరు, అదీ పోతుంది. కెర్బరోస్ మాడ్యూల్ ఇంకా ముందే పోతుంది, ఎందుకంటే అది కెర్బరోస్‌తో మౌంట్ చేసినప్పుడే లోడవుతుంది. మందు సులువే. మీరు రోజూ వాడే మౌంట్లన్నీ, కెర్బరోస్‌వి కూడా, పెట్టుకుని అప్పుడు లోకల్‌మోడ్‌కాన్ఫిగ్ నడపండి. లేదా `ఎల్ఎంసీ_కీప్` అనే వేరియబుల్‌లో ఎఫ్ఎస్, నెట్/సన్‌ఆర్‌పీసీ డైరెక్టరీలు ఇవ్వండి, వాటిలోని వాటిని అది ముట్టుకోదు.

డిస్క్ లేని బోర్డును ఎన్ఎఫ్ఎస్ రూట్‌తో బూట్ చేయాలి. రూట్_ఎన్ఎఫ్ఎస్ ఆప్షన్ మెనూలో కనిపించడం లేదు.

అది కనిపించాలంటే రెండు షరతులు. ఎన్ఎఫ్ఎస్_ఎఫ్ఎస్ కచ్చితంగా వై అయి ఉండాలి, ఎం అయితే చాలదు. రెండోది, నెట్‌వర్కింగ్ ఆప్షన్లలో ఐపీ_పీఎన్‌పీ ఆన్ కావాలి, బూట్ సమయంలో కర్నెలే తనకు ఐపీ చిరునామా తెచ్చుకునేది దానితోనే. చిరునామా డీహెచ్‌సీపీ ద్వారా రావాలంటే ఐపీ_పీఎన్‌పీ_డీహెచ్‌సీపీ కూడా పెట్టండి. చాలామంది మర్చిపోయేది మూడోది: నెట్‌వర్క్ కార్డ్ డ్రైవర్, దాని ఫై (కేబుల్ సిగ్నల్ చూసే చిప్) డ్రైవర్ కూడా వై కావాలి. అవి మాడ్యూళ్లుగా ఉంటే వాటిని తెచ్చుకోవాల్సిన డిస్కే ఇంకా మౌంట్ కాలేదు కదా! బూట్ లైన్‌లో `రూట్=/డెవ్/ఎన్ఎఫ్ఎస్`, `ఐపీ=డీహెచ్‌సీపీ`, ఎన్ఎఫ్ఎస్‌రూట్ విలువలో సర్వర్, దారి, వాటితో పాటు వెర్షన్, టీసీపీ అని స్పష్టంగా రాయండి. డిఫాల్ట్‌లకు వదిలేస్తే పాత కర్నెళ్లు పాత వెర్షన్‌తో యూడీపీ మీద ప్రయత్నించి అక్కడే కూర్చుంటాయి. ఈ తలనొప్పంతా వద్దనుకుంటే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ పెట్టుకోండి, అప్పుడు అన్నీ మాడ్యూళ్లుగానే ఉండొచ్చు.

యూడీపీతో మౌంట్ చేస్తే కుదరదంటోంది. ఆప్షన్ ఎక్కడుంది?

5.6 కర్నెల్ నుంచి క్లయింట్‌లో యూడీపీని మామూలుగా ఆపేసి ఇస్తున్నారు. ఆప్షన్ పేరు ఎన్ఎఫ్ఎస్_డిజేబుల్_యూడీపీ_సపోర్ట్. పేరు తిరగేసి ఉంది చూడండి, యూడీపీ కావాలంటే దీన్ని తీసేయాలి, పెట్టకూడదు. కానీ పెట్టుకోవద్దనే మా సలహా. యూడీపీలో పెద్ద రీడ్ లేదా రైట్ ఐపీ ముక్కలుగా విడిపోతుంది. ఆ ముక్కలను కలపడానికి వాడే గుర్తింపు సంఖ్య 16 బిట్లు, అంటే 65,536 విలువలే. గిగాబిట్ వేగంలో ఆ సంఖ్యలు కొన్ని సెకన్లలోనే ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదటికొస్తాయి. లైనక్స్ మాత్రం రాని ముక్క కోసం మామూలుగా 30 సెకన్లు ఎదురుచూస్తుంది. ఈలోగా పాత ప్యాకెట్ ముక్క కొత్త ప్యాకెట్ ముక్కతో అతుక్కుని, చెక్‌సమ్ కూడా అనుకోకుండా సరిపోతే, మీ ఫైల్‌లో తప్పు డేటా చేరుతుంది, ఎవరూ ఎర్రర్ ఇవ్వరు. టీసీపీ రాని ఏదో పాత పరికరం తప్ప ఇంకెక్కడా దీనికి సమర్థన లేదు.

ఆర్‌డీఎంఏ (నెట్‌వర్క్ కార్డే నేరుగా అవతలి మెషిన్ మెమరీని చదివి రాసే పద్ధతి) మీద ఎన్ఎఫ్ఎస్ నడపాలంటే?

సన్‌ఆర్‌పీసీ_ఎక్స్‌పీఆర్‌టీ_ఆర్‌డీఎంఏ. అది కనిపించాలంటే ముందు ఇన్ఫినీబ్యాండ్ సపోర్ట్ ఆన్ చేయాలి. మీది ఈథర్‌నెట్ మీద నడిచే రోసీ కార్డైనా సరే, కర్నెల్ మెనూలో దాని ఇల్లు ఇన్ఫినీబ్యాండే. మౌంట్ చేసేటప్పుడు ప్రొటోకాల్ ఆర్‌డీఎంఏ, పోర్టు 20049 ఇవ్వండి.

ఎన్ఎఫ్ఎస్ కాదు, ఏఎఫ్ఎస్ అనే ఇంకో నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమ్ వాడతాం. దానికీ సన్‌ఆర్‌పీసీయేనా?

కాదు. ఏఎఫ్ఎస్ వాడేది ఆర్ఎక్స్ అనే వేరే ఆర్‌పీసీ. లైనక్స్‌లో దాని ఆప్షన్ ఏఎఫ్_ఆర్ఎక్స్ఆర్‌పీసీ, కెర్బరోస్ భద్రతకు ఆర్ఎక్స్‌కాడ్. ఇది యూడీపీ మీద నడుస్తుంది.

చిన్న ఎంబెడెడ్ బోర్డుకు టైనీకాన్ఫిగ్‌తో (అతి చిన్న కర్నెల్ కాన్ఫిగ్‌తో) మొదలుపెట్టాను. ఎన్ఎఫ్ఎస్ మెనూయే రావడం లేదు.

మల్టీయూజర్ ఆప్షన్ చూడండి. సన్‌ఆర్‌పీసీ, ఎన్ఎఫ్ఎస్ రెండూ దాని మీద ఆధారపడ్డాయి, టైనీకాన్ఫిగ్ దాన్ని ఆపేస్తుంది. ఇనెట్, ఫైల్_లాకింగ్ కూడా ఉన్నాయో లేదో చూసుకోండి.

## కంపైల్ అయ్యాక

ఆర్‌పీసీ నిజంగా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

`మోడ్‌ప్రోబ్ సన్‌ఆర్‌పీసీ` అని కొట్టి, డీమెసేజ్ (కర్నెల్ లాగ్) చివరి వరసలు చూడండి. యూనిక్స్ సాకెట్, యూడీపీ, టీసీపీ ట్రాన్స్‌పోర్ట్ మాడ్యూళ్లు రిజిస్టర్ అయ్యాయని "ఆర్‌పీసీ:" తో మొదలయ్యే వరసలు వరసగా వస్తాయి. వాటి కింద ఎన్ఎఫ్ఎస్ 4.1 బ్యాక్‌చానెల్ (సర్వర్ క్లయింట్‌ను వెనక్కి పిలిచే దారి) గురించి ఇంకో వరస వస్తే సన్‌ఆర్‌పీసీ_బ్యాక్‌చానెల్ కూడా చేరినట్టు. ఆ వరస లేకపోతే 4.1 ఆప్షన్ పడలేదని అర్థం. కొత్త కర్నెళ్లలో టీఎల్ఎస్‌తో కూడిన టీసీపీకి వేరే వరస కూడా కనిపిస్తుంది.

మౌంట్ చేస్తే "అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్ టైప్" అంటోంది. ఎన్ఎఫ్ఎస్ పెట్టానే!

పెట్టింది ఒక కర్నెల్‌కు, బూట్ అయింది ఇంకో కర్నెల్‌తో అయ్యుంటుంది. `యూనేమ్ -ఆర్` ఇచ్చే పేరునూ `/లిబ్/మాడ్యూల్స్` కింద ఉన్న డైరెక్టరీ పేరునూ పక్కపక్కన పెట్టి చూడండి. చివర ఒక్క అక్షరం తేడా ఉన్నా మాడ్యూళ్లు దొరకవు. కర్నెల్ ఇమేజ్ మార్చి `మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్` నడపడం మర్చిపోవడం దీనికి మామూలు కారణం. పేర్లు కలిసినా లోడ్ కాకపోతే డీమెసేజ్‌లో సింబల్ వెర్షన్ కలవలేదనే ఫిర్యాదు ఉంటుంది. అంటే సన్‌ఆర్‌పీసీ ఒక బిల్డ్‌ది, ఎన్ఎఫ్ఎస్ మరో బిల్డ్‌ది. పాత మాడ్యూల్ డైరెక్టరీని తీసేసి శుభ్రంగా మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

"బ్యాడ్ ఆప్షన్" అని చెప్పి, హెల్పర్ ప్రోగ్రాం ఏదో కావాలంటోంది.

ఇది కర్నెల్ మాట కాదు, మౌంట్ కమాండ్ మాట. ఎన్ఎఫ్ఎస్‌కు వేరే మౌంట్ హెల్పర్ ఉంటుంది. అది డెబియన్, ఉబుంటు వైపు ఎన్ఎఫ్ఎస్-కామన్ ప్యాకేజీలో, ఫెడోరా వైపు ఎన్ఎఫ్ఎస్-యుటిల్స్ ప్యాకేజీలో వస్తుంది. పెట్టుకోండి, అయిపోతుంది.

"ప్రోటోకాల్ నాట్ సపోర్టెడ్" అంటే?

మీరు అడిగిన ఎన్ఎఫ్ఎస్ వెర్షన్ ఇటువైపు కర్నెల్‌లో లేదు, లేదా అటువైపు సర్వర్ ఇవ్వడం లేదు. వెర్షన్ మార్చి ప్రయత్నిస్తే ఎటు తప్పో తేలుతుంది. సర్వర్ ఇచ్చే వెర్షన్లు దాని మీద `/ప్రాక్/ఎఫ్ఎస్/ఎన్ఎఫ్ఎస్‌డీ/వెర్షన్స్` ఫైల్‌లో ప్లస్, మైనస్ గుర్తులతో కనిపిస్తాయి.

ఆర్‌పీసీబైండ్ కూడా కర్నెల్ ఆప్షనేనా? అది తప్పనిసరా?

కాదు, అది యూజర్ స్పేస్ సర్వీస్. ఏ ఆర్‌పీసీ ప్రోగ్రాం ఏ పోర్టులో ఉందో అడిగితే చెబుతుంది, 111వ పోర్టులో ఉంటుంది. ప్రతి ప్రోగ్రాంకూ ఒక నంబర్ ఉంటుంది: ఆర్‌పీసీబైండ్ 100000, ఎన్ఎఫ్ఎస్ 100003, మౌంట్‌డీ 100005, లాక్‌డీ 100021, స్టాట్‌డీ 100024. `ఆర్‌పీసీఇన్ఫో -పీ` కొట్టి సర్వర్ పేరు ఇస్తే ఈ జాబితా వస్తుంది. ఎన్ఎఫ్ఎస్ 3కు ఇది ఉండాల్సిందే. ఎన్ఎఫ్ఎస్ 4 మాత్రమే వాడితే 2049 పోర్టు ఒక్కటే చాలు, క్లయింట్‌లో ఆర్‌పీసీబైండ్‌ను ఆపేసినా నష్టం లేదు. నిజానికి ఆపేయడమే మేలు, బయటకు తెరిచి ఉన్న 111 పోర్టును దాడులకు వాడుకోవడం కొత్తేమీ కాదు.

## ఫైర్‌వాల్ దగ్గర

2049, 111 రెండూ తెరిచాను. వెర్షన్ 3 మౌంట్ అవుతోంది, ఫైల్ లాక్ దగ్గర ఆగిపోతోంది.

లాకులు చూసేది లాక్‌డీ. అది కర్నెల్ లోపలే ఉంటుంది, కానీ మామూలుగా ప్రతి బూట్‌కూ దొరికిన పోర్టు తీసుకుంటుంది. ఫైర్‌వాల్‌కు ఆ పోర్టు ముందుగా తెలియదు. దాన్ని ఒక చోట కట్టేయాలి. లాక్‌డీ మాడ్యూల్‌కు ఎన్ఎల్ఎం_టీసీపీపోర్ట్, ఎన్ఎల్ఎం_యూడీపీపోర్ట్ అని రెండు పారామితులున్నాయి. మాడ్యూల్‌గా ఉంటే మోడ్‌ప్రోబ్.డీలో, కర్నెల్‌లో కలిసి ఉంటే బూట్ లైన్‌లో "లాక్‌డీ." అని ముందు పెట్టి ఇవ్వండి. స్టాట్‌డీ, మౌంట్‌డీ యూజర్ స్పేస్‌వి కాబట్టి వాటి పోర్టులను ఎన్ఎఫ్ఎస్.కాన్ఫ్ ఫైల్‌లో విడిగా స్థిరపరచాలి. గుర్తుంచుకోవాల్సింది, లాక్ దొరికిందన్న కబురు సర్వర్ నుంచి క్లయింట్‌కు కొత్త కనెక్షన్‌గా వస్తుంది. అందుకే క్లయింట్ ఫైర్‌వాల్‌లోనూ ఈ పోర్టులు తెరిచి ఉండాలి.

వెర్షన్ 4.0 కు క్లయింట్ వైపు పోర్టు తెరవాలంటారు, నిజమేనా?

4.0లో సర్వర్ క్లయింట్‌ను వెనక్కి పిలవడానికి వేరే కనెక్షన్ తెరుస్తుంది. అది అడ్డుకుంటే మౌంట్ పనిచేస్తుంది, కానీ సర్వర్ డెలిగేషన్లు (ఫైల్‌ను క్లయింట్ తన దగ్గరే చూసుకునే అనుమతులు) ఇవ్వదు. పోర్టును స్థిరపరచాలంటే ఎన్ఎఫ్ఎస్ మాడ్యూల్‌లో కాల్‌బ్యాక్_టీసీపీపోర్ట్ ఉంది. 4.1 నుంచి ఆ వెనక్కి పిలుపు ఉన్న కనెక్షన్‌లోనే వస్తుంది. వీలైతే 4.1కి మారిపోండి, ఈ గొడవే ఉండదు.

## భద్రత

కెర్బరోస్‌తో మౌంట్ చేయాలి. కర్నెల్‌లో ఏం కావాలి?

ఆర్‌పీసీసెక్_జీఎస్ఎస్_కేఆర్‌బీ5. ఇది సన్‌ఆర్‌పీసీ_జీఎస్ఎస్‌ను తానే తెచ్చుకుంటుంది. క్రిప్టో సపోర్ట్ ఆన్ అయి ఉండాలి. కొత్త కర్నెళ్లలో దీని కింద ఎన్‌క్రిప్షన్ రకాలకు విడివిడి ఆప్షన్లు ఉన్నాయి, ఏఈఎస్ షా1 రకం, ఏఈఎస్ షా2 రకం, కామెలియా రకం. మీ కేడీసీ (కెర్బరోస్ సర్వర్) ఇచ్చే కీలు ఏ రకమో అది ఇక్కడ లేకపోతే మౌంట్ కాదు. కర్నెల్‌ను చిన్నది చేద్దామని సీటీఎస్, సీబీసీ లాంటి క్రిప్టో ఆప్షన్లను కోసేసినవాళ్లకు ఈ రకాలు మెనూలోనే కనిపించవు.

కర్నెల్ వైపు పని అంతే. అసలు టికెట్ తెచ్చేది యూజర్ స్పేస్‌లోని ఆర్‌పీసీ.జీఎస్ఎస్‌డీ. కర్నెల్‌కూ దానికీ మధ్య మాటలు ఆర్‌పీసీ_పైప్‌ఎఫ్ఎస్ అనే చిన్న ఫైల్‌సిస్టమ్ ద్వారా నడుస్తాయి. డిస్ట్రోను బట్టి అది `/వార్/లిబ్/ఎన్ఎఫ్ఎస్` కింద గానీ `/రన్` కింద గానీ మౌంటై ఉంటుంది. మౌంట్ కమాండ్ చాలాసేపు ఆగి "యాక్సెస్ డినైడ్" అంటే, ఆప్షన్లు తిరగేసే ముందు ఈ పైప్ మౌంటైందా, జీఎస్ఎస్‌డీ నడుస్తోందా, కీట్యాబ్ (మెషిన్ కెర్బరోస్ కీలుండే ఫైల్) ఉందా, రెండు మెషిన్ల గడియారాలు కలిశాయా చూడండి.

కెర్బరోస్ పెట్టుకునే ఓపిక లేదు. టీఎల్ఎస్ వాడొచ్చా?

వాడొచ్చు. ఆర్‌పీసీని టీఎల్ఎస్ మీద నడిపే పద్ధతి 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9289గా వచ్చింది. లైనక్స్‌లో సర్వర్ వైపు 6.4 లోనూ క్లయింట్ వైపు 6.5 లోనూ చేరింది. కర్నెల్‌లో మీరు ఎంచుకోవాల్సింది టీఎల్ఎస్ ఆప్షన్. హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో కీలు కుదుర్చుకోవడం) మాత్రం కర్నెల్ చేయదు, కేటీఎల్ఎస్-యుటిల్స్ ప్యాకేజీలోని టీఎల్ఎస్‌హెచ్‌డీ అనే డీమన్ చేసి పెడుతుంది. అది రెండు వైపులా నడవాలి. మౌంట్ ఆప్షన్ `ఎక్స్‌పీఆర్‌టీసెక్=టీఎల్ఎస్`, క్లయింట్ సర్టిఫికెట్ కూడా అడగాలంటే `ఎంటీఎల్ఎస్`. ఒక్క సంగతి: టీఎల్ఎస్ దారిని కాపాడుతుంది, వాడుకరి ఎవరో తేల్చదు. లోపల వెళ్లే యూఐడీని సర్వర్ ఇప్పటికీ నమ్మేస్తుంది. ఆ నమ్మకం వద్దనుకుంటే కెర్బరోస్ తప్పదు.

పదహారు గ్రూపులు దాటిన యూజర్‌కు అనుమతి రావడం లేదు. పరిమితి పెంచే ఆప్షన్ ఉందా?

లేదు. మామూలు ఆథ్_సిస్ పద్ధతిలో ప్రతి కాల్‌తో పాటు 16 అదనపు గ్రూపులే వెళ్తాయి, ఇది ప్రొటోకాల్‌లోనే రాసి ఉన్న హద్దు. సర్వర్‌లో మౌంట్‌డీని `మేనేజ్-జీఐడీస్` తో నడిపితే క్లయింట్ పంపిన జాబితాను పక్కనపెట్టి తన దగ్గరున్న గ్రూపులనే చూస్తుంది. కెర్బరోస్‌కు ఈ హద్దు లేదు.

## వేగం

ఒకేసారి ఎన్ని ఆర్‌పీసీ కాల్స్ వెళ్లాలో పెంచాలి. ఏ ఆప్షన్?

కంపైల్ ఆప్షన్ కాదు, సన్‌ఆర్‌పీసీ మాడ్యూల్ పారామితి. వెబ్‌లో తిరిగే పాత సలహా టీసీపీ_స్లాట్_టేబుల్_ఎంట్రీస్‌ను 128కి పెంచమంటుంది. స్లాట్లు (ఒకేసారి నడిచే కాల్స్‌కు ఉండే చోట్లు) 16 దగ్గర బిగిసిపోయి ఉన్న కాలం నాటి మాట అది. 3.1 నుంచి స్లాట్లు అవసరాన్ని బట్టి పెరుగుతాయి. ఇప్పుడు మొదలు 2, పైహద్దు టీసీపీ_మ్యాక్స్_స్లాట్_టేబుల్_ఎంట్రీస్, దాని మామూలు విలువ 65,536. అంటే పెంచాల్సిన పనే లేదు. కొన్నిసార్లు తగ్గించాల్సి వస్తుంది, ఒక్క క్లయింట్ సర్వర్‌ను వేల కాల్స్‌తో ముంచేస్తుంటే ఈ పైహద్దును 128 లాంటి అంకెకు దించుతారు. కొత్త విలువ అప్పటికే ఉన్న మౌంట్లకు పట్టదు, అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయాలి.

సిస్‌కంట్రోల్ ఫైల్‌లో రాసిన సన్‌ఆర్‌పీసీ సెట్టింగ్ రీబూట్ అయ్యాక ఉండట్లేదు.

బూట్‌లో సిస్‌కంట్రోల్ సర్వీస్ నడిచే వేళకు సన్‌ఆర్‌పీసీ మాడ్యూల్ ఇంకా లోడ్ కాదు. `/ప్రాక్/సిస్/సన్‌ఆర్‌పీసీ` అనే డైరెక్టరీయే అప్పటికి లేదు, రాయడానికి చోటు దొరక్క ఆ వరసను దాటేస్తుంది. తర్వాత మాడ్యూల్ తన మామూలు విలువలతో లేస్తుంది. మీరు చేత్తో `సిస్‌కంట్రోల్ -పీ` కొడితే మాత్రం పనిచేస్తుంది, అప్పటికి మాడ్యూల్ ఉంటుంది కాబట్టి. అందుకే ఇది చాలామందిని తికమక పెడుతుంది. మోడ్‌ప్రోబ్.డీలో ఒక ఫైల్ పెట్టి `ఆప్షన్స్ సన్‌ఆర్‌పీసీ` తర్వాత పారామితి పేరు, విలువ రాయండి. సన్‌ఆర్‌పీసీ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో కూడా ఉంటే దాన్ని మళ్లీ తయారుచేయాలి. కర్నెల్‌లో కలిసిపోయి ఉంటే బూట్ లైన్‌లో "సన్‌ఆర్‌పీసీ." ముందు పెట్టి ఇవ్వండి. చివరికి ఏ విలువ నిలిచిందో `/సిస్/మాడ్యూల్/సన్‌ఆర్‌పీసీ/పారామీటర్స్` కింద చూడొచ్చు.

చాలా మౌంట్లు పెడితే ఒక చోట ఆగిపోయి కొత్తవి రావడం లేదు.

క్లయింట్ మామూలుగా 665 నుంచి 1023 వరకు ఉన్న ప్రివిలేజ్డ్ (రూట్ మాత్రమే వాడగల) పోర్టులనే వాడుతుంది. మొత్తం 359. ఎక్కువ సర్వర్లకు మౌంట్లు పెట్టినా, ఎన్‌కనెక్ట్ ఆప్షన్‌తో ఒక్కో సర్వర్‌కు 16 వరకు కనెక్షన్లు తెరిచినా ఇవి త్వరగా నిండుతాయి. మిన్_రెస్వ్‌పోర్ట్‌ను తగ్గించి కొంత చోటు చేసుకోవచ్చు, ఆ పోర్టులు వాడే వేరే సర్వీసులు లేకపోతేనే. లేదా `నోరెస్వ్‌పోర్ట్` తో మౌంట్ చేయండి. అప్పుడు సర్వర్ ఎక్స్‌పోర్ట్‌లో `ఇన్‌సెక్యూర్` ఉండాలి.

## తప్పు వెతికేటప్పుడు

ఆర్‌పీసీడీబగ్ నడిపితే ఫైల్ తెరవలేనంటోంది.

కర్నెల్‌లో సన్‌ఆర్‌పీసీ_డీబగ్ లేదు. ఆ ఆప్షన్ ఉంటేనే `/ప్రాక్/సిస్/సన్‌ఆర్‌పీసీ` కింద ఆర్‌పీసీ_డీబగ్, ఎన్ఎఫ్ఎస్_డీబగ్, ఎన్ఎఫ్ఎస్‌డీ_డీబగ్, ఎన్ఎల్ఎం_డీబగ్ ఫైళ్లు వస్తాయి. ఉంచుకోవడమే మంచిది, వాడనప్పుడు దాని ఖర్చు పెద్దగా ఉండదు. అయితే అన్నీ ఆన్ చేస్తే రద్దీ సర్వర్‌లో లాగ్ వరదలా వస్తుంది. మీకు ట్రేస్‌పాయింట్లు (కర్నెల్‌లో జరిగేది నమోదు చేసే చోట్లు) అందుబాటులో ఉంటే వాటినే వాడండి, `ట్రేస్-సీఎండీ రికార్డ్ -ఈ సన్‌ఆర్‌పీసీ` చాలు, లాగ్ నిండదు. ఇంకో చిట్కా, ఆర్‌పీసీ_డీబగ్ ఫైల్‌లో సున్నా రాస్తే ఆ క్షణాన పెండింగ్‌లో ఉన్న ఆర్‌పీసీ టాస్కులన్నీ డీమెసేజ్‌లోకి వచ్చిపడతాయి.

"సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రైయింగ్" అని వస్తోంది. కర్నెల్‌ను తిరగ కట్టాలా?

అక్కర్లేదు. ఈ మాట వచ్చిందంటే ఆర్‌పీసీ తన పని తాను చేస్తోందనే అర్థం. జవాబు రాక, హార్డ్ మౌంట్ కాబట్టి వదలకుండా అడుగుతోంది. `ఎన్ఎఫ్ఎస్‌స్టాట్ -ఆర్‌సీ` లో రీట్రాన్స్ అంకె పెరుగుతోందా చూడండి. పెరుగుతుంటే నెట్‌వర్క్ గానీ కనెక్షన్ తెగడం గానీ. పెరగకుండా కాల్స్ మాత్రం ఆగిపోతే సర్వర్ డిస్క్ లేదా దాని ఎన్ఎఫ్ఎస్‌డీ థ్రెడ్లు చాలకపోవడం. డీబగ్‌ఎఫ్ఎస్ మౌంటై ఉంటే `/సిస్/కర్నెల్/డీబగ్/సన్‌ఆర్‌పీసీ/ఆర్‌పీసీ_క్లంట్` కింద ఒక్కో క్లయింట్‌కు టాస్క్స్ ఫైల్ ఉంటుంది. ఏ కాల్ ఏ క్యూలో నిలబడి ఉందో అందులో పేరుతో సహా దొరుకుతుంది. దీన్ని తప్పించుకోవడానికి సాఫ్ట్ మౌంట్‌కు మారమని చెప్పేవాళ్లుంటారు. రాసే డేటా ఉన్న చోట అది వద్దు, రైట్ సగంలో ఎర్రర్‌తో తెగిపోతే చాలా ప్రోగ్రాములు గమనించవు.

మాది ఫ్రీబీఎస్‌డీ. ఇవే పేర్లా?

పేర్లు వేరు, ఆలోచన అదే. క్లయింట్‌కు ఎన్ఎఫ్ఎస్‌సీఎల్, సర్వర్‌కు ఎన్ఎఫ్ఎస్‌డీ, లాకులకు ఎన్ఎఫ్ఎస్‌లాక్‌డీ, ఈ మూడూ జెనెరిక్ కర్నెల్‌లో ముందే ఉంటాయి. కెర్బరోస్‌కు కేజీఎస్ఎస్ఏపీఐ, దానితో పాటు క్రిప్టో డివైస్ చేర్చాలి. ఆర్‌పీసీ భాగం కేఆర్‌పీసీ అనే మాడ్యూల్, ఎన్ఎఫ్ఎస్ మాడ్యూల్ లోడైతే అదే వస్తుంది.